వ్యాయామం నిలబడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నోసార్లు మొదలుపెట్టి, అన్నిసార్లూ మధ్యలో వదిలేసినవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. పోటీలకు సిద్ధమయ్యే క్రీడాకారుల లెక్కలు వేరు, వాటి జోలికి ఇక్కడ వెళ్ళలేదు. రోజువారీ పనుల మధ్య ఏళ్ళ తరబడి సాగే మామూలు వ్యాయామం కావాలనుకునేవారు అడిగేవే ఇవన్నీ.

ఎప్పుడు మొదలుపెట్టినా నెల తిరిగేలోపే మానేస్తున్నాను. నాకు పట్టుదల లేదనుకోవాలా?

అలా అనుకోకండి. పట్టుదల లేనివారు పదే పదే మొదలుపెట్టరు. మీరు మొదలుపెట్టిన మోతాదులో తప్పు ఉండి ఉంటుంది.

ఆరంభశూరత్వం అన్న మాటను మనం తిట్టుగానే వాడతాం. అది ఎలా పుడుతుందో కాస్త చూద్దాం. వ్యాయామం చేయాలని నిశ్చయించుకున్న రోజు మన ఉత్సాహం మామూలు రోజుల కంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది. ఆ ఉత్సాహాన్ని బట్టే రోజుకు గంట అని లెక్క వేసుకుంటాం. మొదటి రోజు గంట చేస్తాం, రెండో రోజూ చేస్తాం. మూడో రోజు మెట్లు దిగడానికి తొడలు సహకరించవు. నాలుగో రోజు పని ఎక్కువై గంట దొరకదు. గంట దొరకలేదు కాబట్టి అసలు చేయం. అక్కడి నుంచి ప్రతి రోజూ ఒక బాకీలా మీద పడుతుంది. బాకీ పెరిగేకొద్దీ దాని వైపు చూడబుద్ధి కాదు.

నేను ఇలాగే మూడుసార్లు వదిలేశాను. నాలుగోసారి 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, ఇంకా నడవాలని ఉన్నా ఇంటికి తిరిగి వచ్చేసేవాణ్ణి. తీరకుండా మిగిలిన ఆ కోరికే మర్నాడు నన్ను బయటికి నడిపించింది. ఈ రోజు ఆపిన తీరు రేపటికి అడ్డం రాకూడదు. కింది జవాబులన్నీ ఈ ఒక్క మాట నుంచి వచ్చినవే.

మరి ఎంతతో మొదలుపెట్టాలి?

మీకు బాగా అలసటగా ఉన్న రోజొకటి గుర్తు తెచ్చుకోండి. నిద్ర చాలలేదు, పని తెమలలేదు, మనసు బాగాలేదు. అలాంటి రోజు కూడా ఎంత చేయగలరో అదే మీ మొదటి మోతాదు. చాలామందికి అది 10 నిమిషాల నడక. కొందరికి 5 నిమిషాలే. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం కూడా మంచి ఆరంభమే. ఇతరులకు చెప్పుకోవడానికి మొహమాటపడేంత తక్కువగా ఉంటే సరిగ్గా ఎంచుకున్నట్టే.

మొదటి నాలుగు వారాలు దాన్ని పెంచవద్దు. ఎంత ఉత్సాహం వచ్చినా పెంచవద్దు. ఈ మాట పాటించడమే చాలామందికి కష్టం, అందుకే రెండుసార్లు చెబుతున్నాను.

అంత తక్కువ చేస్తే ఒంటికి ఏం లాభం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన వ్యాయామం గాని కావాలి. ఆ లెక్కన రోజుకు 10 నిమిషాలు చాలవు, నిజమే. అయితే 2010 నాటి సూచనల్లో ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా సాగాలన్న నియమం ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఏమీ చేయకపోవడం కంటే ఎంతో కొంత చేయడం మేలని ఆ మార్గదర్శకాలే సూటిగా చెబుతున్నాయి.

ఇంకో సంగతి. అమెరికాలోని డాలస్‌లో 13 వేలకు పైగా స్త్రీపురుషులను ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి, ఏళ్ళ తరబడి గమనించి, 1989లో ఫలితాలు ప్రకటించారు. దేహదారుఢ్యాన్ని బట్టి వారిని ఐదు వర్గాలుగా విడదీశారు. మరణాల రేటులో అన్నిటికంటే పెద్ద తగ్గుదల కనిపించింది అట్టడుగు వర్గానికీ, దానికి సరిగ్గా పైనున్న వర్గానికీ మధ్య. అంటే అసలు కదలని మనిషి కాస్త కదలడం మొదలుపెట్టినప్పుడు దక్కే మేలు, ఇప్పటికే బాగా చేస్తున్నవారు ఇంకొంచెం కలుపుకుంటే దక్కే మేలు కంటే పెద్దది. మొదటి మెట్టు చిన్నదే, అయినా ఎక్కువ లాభం అక్కడే ఉంది.

21 రోజులు వదలకుండా చేస్తే అలవాటైపోతుందంటారు, నిజమేనా?

కాదు. ఈ అంకె వల్ల ఎంతమంది నిరుత్సాహపడ్డారో తలుచుకుంటే బాధగా ఉంటుంది. మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో ఆ మాట రాశాడు. చేతులు మారేకొద్దీ 'కనీసం' జారిపోయింది, ముఖం సంగతీ జారిపోయింది, 21 మాత్రం మిగిలింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం దీన్ని నేరుగా పరిశీలించి 2010లో ప్రచురించింది. 96 మంది తలా ఒక చిన్న పనిని ఎంచుకుని 12 వారాల పాటు రోజూ చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి చేరడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. ఒక్కొక్కరికీ ఎంతెంత పడుతుందన్న అంచనా మాత్రం 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. గ్లాసు నీళ్ళు తాగడం లాంటి పనులు త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది.

కాబట్టి 22వ రోజు బద్ధకం వేస్తే మీలో లోపం ఉందనుకోకండి. అలవాటు ఇంకా ముదరలేదు, అంతే. మూడు నెలలు గడిచేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు.

ఒక రోజు తప్పితే మళ్ళీ మొదటికి వచ్చినట్టేనా?

కాదు. పైన చెప్పిన పరిశోధనలోనే ఒక రోజు తప్పినందువల్ల అలవాటు ఏర్పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదని కనిపించింది. తప్పిన రోజుకు పరిహారంగా మర్నాడు రెట్టింపు చేయడం మాత్రం వద్దు. మామూలుగా ఎంత చేస్తారో అంతే చేయండి. ఎన్ని రోజులు వరసగా చేశారో ఫోనులో లెక్కపెట్టే అలవాటు ఉన్నవారికి ఈ విషయంలో ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే వరస తెగితే అన్నీ తెగినట్టు కనిపిస్తుంది. వరసకు బదులు నెలకు ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టండి. నెలలో 22 రోజులు చేసిన మనిషి ఎంతో చేసినట్టు.

మితంగా చేయమంటారు. ఆ మితం ఎంతో ఎలా తెలుస్తుంది?

ఏ పరికరమూ అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది ఓ మోస్తరు వ్యాయామం. హాయిగా పాడగలుగుతుంటే కొంచెం వేగం పెంచవచ్చు. రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తీవ్రమైన వ్యాయామంలోకి వెళ్ళిపోయినట్టే. అంకెల్లో కావాలంటే, ఊరికే కూర్చోవడం సున్నా, ప్రాణం పెట్టి పరుగెత్తడం పది అనుకోండి. 5 లేదా 6 దగ్గర ఉంటే చాలు.

ఈ కొలత కొత్తది కాదు. వ్యాయామం మన బలంలో సగం మేరకే చేయాలని ఆయుర్వేదం చెబుతుంది. ఆ సగం ఎక్కడో గుర్తుపట్టడానికి సుశ్రుతుడు చెప్పిన గుర్తు నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది: ఊపిరి నోటి వెంట రావడం మొదలైందంటే సగం బలం ఖర్చయినట్టు. ఈనాటి మాటల పరీక్షా, ఆనాటి ఊపిరి గుర్తూ ఒకే చోటును చూపిస్తున్నాయి.

220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందనే సూత్రం జనాభా సగటు మాత్రమే. ఒక మనిషి అసలు అంకె దానికి 10, 12 పైగానో కిందగానో ఉండటం మామూలే. దాన్ని పట్టుకుని కంగారుపడవద్దు.

మొదలుపెట్టిన రెండో రోజే ఒళ్ళంతా నొప్పులు. ఇది మంచిదేనా?

అలవాటు లేని పని చేసినప్పుడు 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండే ఈ నొప్పి మామూలే. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమే దీనికి కారణమని చాలామంది నమ్ముతారు గాని, ఆ ఆమ్లం వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే కండరాల్లోంచి వెళ్ళిపోతుంది. కండరం బరువు మోస్తూనే పొడవుగా సాగే కదలికల్లో, అంటే మెట్లు దిగడం, వాలులో కిందికి నడవడం, గుంజీల్లో కిందికి కూర్చోవడం లాంటివాటిలో, కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ మరమ్మతు జరుగుతున్నప్పుడు నొప్పి తెలుస్తుంది. తేలికగా నడిస్తే ఉపశమనం ఉంటుంది. అదే వ్యాయామం వారం పది రోజుల తర్వాత మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువగా వస్తుంది.

నొప్పి వస్తేనే లాభం అన్నది మాత్రం అబద్ధం. నొప్పి లేకుండానే కండరం బలపడుతుంది. మర్నాడు మామూలుగా నడవనివ్వని నొప్పి వచ్చిందంటే మోతాదు మించింది.

ఒక హెచ్చరిక. అలవాటు లేని శరీరంతో మొదటి రోజే వందల గుంజీలు తీస్తే కండరాలు కరిగి ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీసే ర్యాబ్డోమయోలిసిస్ అనే స్థితి రావచ్చు. విపరీతమైన నొప్పి, వాపు, కండరాల నీరసం, ముదురు గోధుమరంగు మూత్రం దాని గుర్తులు. అవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పందేలకు, సవాళ్ళకు పోయి ఇలా పడకేసినవారు ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న యువకులే.

ఎప్పుడు, ఎలా పెంచాలి?

నాలుగు వారాలయ్యాక, ఇప్పుడు చేస్తున్నది తేలికగా అనిపిస్తుంటే పెంచండి. ఒకసారి ఒకటే మార్చాలి. మొదట వారానికి ఎన్ని రోజులన్నది, తర్వాత నిమిషాలు, అన్నిటికంటే చివర వేగం లేదా బరువు. కొత్త మెట్టు మీద కనీసం రెండు వారాలు నిలబడండి.

ఈ నిదానానికి ఒక శారీరక కారణం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. కండరాలకు రక్తం ధారాళంగా అందుతుంది కాబట్టి అవీ త్వరగానే బలపడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు రక్తం తక్కువ, అవి మారడానికి నెలలు పడుతుంది. అందుకే ఆరేడు వారాల దగ్గర ప్రమాదం పొంచి ఉంటుంది. ఆయాసం తగ్గి, కాళ్ళలో బలం వచ్చి, ఎంతైనా చేయగలననిపిస్తుంది. మడమ వెనకా మోకాలి చిప్ప కిందా నొప్పులు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మీ ఉత్సాహం కండరాలను చూసి పెరుగుతుంది, మీరు మాత్రం స్నాయువుల కోసం ఆగాలి.

వారానికి 10 శాతం మించి పెంచకూడదన్న సూత్రం వినే ఉంటారు. అది శిలాశాసనమేమీ కాదు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 8 వారాల్లో, మరో గుంపుకు ఈ సూత్రం ప్రకారం 13 వారాల్లో పరుగు పెంచితే గాయాల్లో తేడా రాలేదని 2008లో తేలింది. అంకె కంటే మీ కీళ్ళు చెప్పే మాట వినడం ముఖ్యం.

నెలన్నర అయింది. అద్దంలో ఏ మార్పూ లేదు, బరువూ తగ్గలేదు. దండగేనా?

మార్పు జరుగుతోంది, మీరు వెతుకుతున్న చోట కాకుండా ఇంకో చోట. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలది. ఉన్న కండరాన్నే మెదడు మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండరం పరిమాణం కంటికి కనిపించేలా పెరగడానికి సాధారణంగా రెండు నెలలైనా కావాలి.

బరువు సంగతి వేరు. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 120 నుంచి 150 కేలరీలు ఖర్చవుతాయి. తిండిలో మార్పు లేకుండా నడకతోనే బరువు తగ్గాలంటే ఫలితం నెమ్మదిగా, కొద్దిగానే ఉంటుంది. బరువు తూచే యంత్రాన్ని నమ్ముకుని మొదలుపెట్టినవారు మానేయడానికి ఇదొక పెద్ద కారణం. ఒక్కసారి చురుగ్గా నడిచినా తర్వాత కొన్ని గంటల పాటు రక్తపోటు కొంత తగ్గి ఉంటుంది. కండరాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించడం మర్నాటి దాకా నిలుస్తుంది. ఇవి అద్దంలో కనిపించవు. మీరు గమనించగలిగినవి చెప్పమంటే: అవే మెట్లు ఎక్కినప్పుడు ఆయాసం, రాత్రి నిద్ర పట్టే తీరు, సాయంత్రానికి మిగిలే ఓపిక.

ఉదయం మంచిదా, సాయంత్రం మంచిదా?

మీకు వదలకుండా కుదిరే వేళ మంచిది. పడుకోబోయే గంట ముందు తీవ్రమైన వ్యాయామం మాత్రం కొందరికి నిద్ర చెడగొడుతుంది.

చేయాలని గట్టిగానే అనుకుంటాను, రోజు గడిచిపోతుంది. ఏం చేయాలి?

'చేయాలి' అని అనుకోవడానికీ, 'ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ' అని రాసుకోవడానికీ చాలా తేడా ఉంది. 2002లో బ్రిటన్‌లో విద్యార్థులపై జరిగిన ఒక ప్రయోగంలో కొందరికి వ్యాయామం ఎంత ముఖ్యమో చదివించారు. ఇంకొందరితో అది చదివించడమే కాకుండా, వచ్చే వారం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో రాయించారు. రాసినవారిలో 91 శాతం మంది చేశారు. మిగతా గుంపుల్లో 40 శాతానికి మించలేదు. వ్యాయామం ముఖ్యమని చదివి కదిలిపోయినవారు కూడా వేళ రాసుకోకపోతే వెనకబడ్డారు.

రాసేటప్పుడు గడియారం కంటే రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెడితే ఇంకా బాగా నిలుస్తుంది. 'పళ్ళు తోముకోగానే', 'పని నుంచి వచ్చి బట్టలు మార్చుకోగానే' అన్నట్టు. ఆ ముడి నెలల తరబడి మారకుండా ఉండాలి.

రోజుకు 10,000 అడుగులు తప్పనిసరా?

కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి ఆ అంకె ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరుకు జపాన్ భాషలో 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. సగటున 72 ఏళ్ళున్న 16 వేలకు పైగా మహిళలపై 2019లో వచ్చిన అమెరికన్ పరిశోధనలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసినవారి కంటే 4,400 వేసినవారిలో మరణాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. దాదాపు 7,500 తర్వాత అదనపు తేడా కనిపించలేదు. ఇప్పుడు మీరు వేస్తున్న అడుగులకు 1,000 కలపండి, దానితో మొదలవుతుంది.

జ్వరం వచ్చి మూడు వారాలు ఆగిపోయింది. చేసిందంతా పోయినట్టేనా?

పోదు. బాగా సాధన చేసినవారు పూర్తిగా ఆపేస్తే మొదటి మూడు వారాల్లో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం దాదాపు 7 శాతం తగ్గిందని 1984 నాటి పరిశోధన ఒకటి చూపింది. కండరాల బలం అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒకసారి సంపాదించినదాన్ని తిరిగి సంపాదించడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. జ్వరం పూర్తిగా తగ్గి, తిండి సయించాక, ఆగిన చోటుకు సగంతో మొదలుపెట్టండి. జ్వరం ఉండగా వ్యాయామం వద్దు. అప్పుడు విశ్రాంతి తీసుకోవడం బద్ధకం కాదు.

నాకు అరవై దాటాయి. ఇప్పుడు మొదలుపెట్టి ఏం ప్రయోజనం?

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మన ఒంటికి మాత్రం ఆ సామెత వర్తించదు.

1966లో డాలస్‌లో 20 ఏళ్ళ యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచి, వారి శరీరం ఎంత దెబ్బతిందో కొలిచారు. 30 ఏళ్ళ తర్వాత అదే ఐదుగురినీ మళ్ళీ పరీక్షించారు. అప్పటికి వాళ్ళకు 50. ఇరవై ఏళ్ళ వయసులో మూడు వారాల పడక వాళ్ళ పని సామర్థ్యాన్ని ఎంత తగ్గించిందో, 30 ఏళ్ళ వయోభారం కూడా అంత తగ్గించలేదు! తర్వాత వారితో ఆరు నెలలు నడక, పరుగు, సైకిలు లాంటివి నెమ్మదిగా పెంచుతూ చేయించారు. ముప్పై ఏళ్ళలో కోల్పోయిన ఆక్సిజన్ సామర్థ్యం తిరిగి వచ్చింది. ఆ ఆరు నెలల్లో తొందర లేదు, ఆ సంగతి నాకు చాలా ఇష్టం.

ఇంకా పెద్ద వయసు కావాలంటే, 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమవాసులైన 90 ఏళ్ళ వారితో 8 వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించినప్పుడు కాలి బలం సగటున రెట్టింపుకు పైగా పెరిగింది. వారు నిపుణుల పర్యవేక్షణలో చేశారు. మీరూ ముందు డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టండి.

నడక ఒక్కటే చాలదా?

మొదటి మూడు నెలలకు చాలు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు బలం కోసం ఏదో ఒకటి కలపాలి. గోడకు చేతులు ఆనించి దండాలు తీయడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మునివేళ్ళ మీద లేవడం ఇంట్లోనే చేయవచ్చు. 65 దాటినవారు పడిపోకుండా ఉండేందుకు ఒంటి సమతుల్యం నిలుపుకునే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా చేయాలని మార్గదర్శకాలు చెబుతాయి.

ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆపాలి?

ఛాతీలో నొప్పి లేదా బరువు, అది చేతికో దవడకో పాకడం, కళ్ళు తిరగడం, ఆగినా తగ్గని ఆయాసం, గుండె లయ తప్పి కొట్టుకోవడం. వెంటనే ఆపి వైద్య సహాయం తీసుకోండి. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి, వాపు ఉంటే ఆ వ్యాయామాన్ని పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. గుండె జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు మొదలుపెట్టకముందే సలహా తీసుకోవాలి.

మా నాన్నగారి చేత నడక మొదలుపెట్టించాలని ఏడాదిగా చెబుతున్నాను. వినడం లేదు.

చెప్పడం ఆపి, ఆయనతో కలిసి బయలుదేరండి. నడకకు రమ్మనకండి, ఏదైనా చిన్న పని మీద వీధి చివరిదాకా తోడు రమ్మనండి. ఆరోగ్యం ఊసు ఎత్తవద్దు. ఆయనకు ఇష్టమైన విషయం ఏదో అడిగి ఆయన్నే మాట్లాడనివ్వండి, మాట తడబడకుండా సాగుతోందంటే వేగం సరిగ్గా ఉన్నట్టే. మర్నాడు కూడా అదే వేళకు బయలుదేరండి. ఆయన వేగం మీకు చాలదనిపిస్తే, ఆయన్ని ఇంటి దగ్గర దిగబెట్టి మీ మిగతా నడక ఆ తర్వాత పూర్తి చేసుకోండి.